హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: అందరూ అడిగే ప్రశ్నలు, మొహమాటం లేని జవాబులు

ఉద్యోగం వచ్చిందనో, పెళ్ళయిందనో, పిల్లల చదువుల కోసమనో ఎవరో ఒకరు హైదరాబాద్ వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాళ్ళూ దాదాపు ఇవే అడుగుతారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇల్లు చూడటానికి వెళ్ళినరోజు మొహమాటపడి అడగకుండా వదిలేసినవే తర్వాత గొడవలవుతాయి కాబట్టి సగం జవాబుల్లో "ముందే అడగండి" అన్న మాట కనిపిస్తుంది, విసుక్కోకండి.

ఇల్లు ఎప్పటి నుంచి వెతకడం మొదలుపెట్టాలి?

మారాలనుకున్న నెలకి ముందు నెల మొదటి వారంలో. ఎందుకంటే ఖాళీ చేసేవాళ్ళు చాలామంది ఒకటో తారీఖు అద్దె ఇస్తూనే "వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం" అని చెప్తారు, ఆ మర్నాడే గేటుకి టూలెట్ బోర్డు పడుతుంది. ఇరవయ్యో తారీఖు దాటాక వెతికితే మిగిలినవే దొరుకుతాయి, అవి ఎందుకు మిగిలాయో వెళ్ళి చూస్తే మీకే అర్థమవుతుంది.

స్కూళ్ళు జూన్‌లో తెరుస్తారు కాబట్టి పెద్ద స్కూళ్ళున్న చోట ఏప్రిల్, మే నెలల్లో ఇళ్ళకి గిరాకీ ఎక్కువ, ఓనర్లు ఒక్క వంద కూడా తగ్గించరు. అదే ఆషాఢంలో వెళ్ళి చూడండి. ఆ నెలలో ఇల్లు మారకూడదనే పట్టింపు చాలామందికి ఉంది, ఖాళీ ఇల్లు పెట్టుకుని కూర్చున్న ఓనర్ కాస్త మెత్తబడి ఉంటారు. మీకు పట్టింపు లేకపోతే బేరమాడటానికి అంతకన్నా మంచి సమయం లేదు. పట్టింపు ఉన్నా ఇబ్బందేం లేదు, అప్పుడు మాట్లాడేసుకుని శ్రావణంలో చేరతామనొచ్చు, కాకపోతే ఖాళీగా ఉంచిన రోజులకి సగం అద్దె అయినా అడుగుతారు.

ఏ ఏరియా మంచిది?

మీ ఆఫీసు ఎక్కడో చెప్పకుండా ఈ ప్రశ్న అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. మాదాపూర్‌లో ఉద్యోగం పెట్టుకుని ఉప్పల్‌లో అద్దె తక్కువని వెళ్తే ఆ మిగిలిన డబ్బు పెట్రోల్‌కీ, నడుం నొప్పికీ సరిపోతుంది. మెట్రో మాత్రం లెక్కలోకి తీసుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్, ఈ మూడు దారుల్లో ఏదో ఒక స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు దొరికితే అద్దె వెయ్యో రెండు వేలో ఎక్కువైనా నష్టం లేదని నా అభిప్రాయం.

మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి నిర్ణయం తీసుకోకండి. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆ ఇంటి దగ్గర బయల్దేరి ఆఫీసుకి వెళ్ళి చూడండి. కుదిరితే గట్టి వాన పడిన మర్నాడు ఆ వీధిలోకి ఒకసారి వెళ్ళండి. సెల్లార్‌లో నీళ్ళు నిలిచాయా, మ్యాన్‌హోల్ పొంగిందా అన్నది ఓనర్ చెప్పరు, గోడ మీద ఉండే మురికి గీత చెప్తుంది.

బ్రోకర్ లేకుండా దొరుకుతుందా?

దొరుకుతుంది, కాళ్ళకి పని చెప్పాలి. నచ్చిన కాలనీలో సాయంత్రం పూట బండి పక్కన పెట్టి నడవండి, కిరాణా కొట్టు ఆయన్నీ, ఇస్త్రీ బండి ఆయన్నీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నీ అడగండి. ఏ ఫ్లాట్ ఖాళీ అవుతుందో ఓనర్ కన్నా ముందు వాచ్‌మన్‌కి తెలుస్తుంది. ఇల్లు కుదిరాక ఆయనకి ఎంతో కొంత ఇవ్వడం మర్యాద, రేపు నీళ్ళు రాకపోతే పిలవాల్సింది ఆయన్నే.

బ్రోకర్ ద్వారా వెళ్తే పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె దాకా తీసుకుంటారు. ఎంతో ఇల్లు చూడకముందే తేల్చుకోండి. ఇల్లు చూపించడానికే ఐదొందలు, వెయ్యి అడిగేవాళ్ళున్నారు, వాళ్ళతో వెళ్ళొద్దు. చూపించినందుకు డబ్బు వస్తుంటే కుదర్చాల్సిన అవసరం వాళ్ళకేముంది?

ఆన్‌లైన్‌లో చాలా తక్కువ అద్దెకి అందమైన ఫ్లాట్ కనిపించింది, ఓనర్ ఆర్మీ ఆఫీసరట, వేరే రాష్ట్రంలో డ్యూటీలో ఉన్నారట. టోకెన్ పంపమంటున్నారు.

పంపకండి. ఇది పాత మోసమే, ఫొటోలు మాత్రం కొత్తవి పెడతారు. ఆర్మీ ఐడీ కార్డు ఫొటో పంపుతారు, యూనిఫాంలో ఉన్న ఫొటో పంపుతారు, గేటు దగ్గర పాస్ కోసమని కొంత అడుగుతారు, ఆ తర్వాత "మీ డబ్బు వెనక్కి వేస్తా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి స్కాన్ చేయనక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతున్నట్టే.

ఇప్పటికే పంపేసుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకి దేశమంతా అదే నంబరు. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండ్రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చుంటే మాత్రం ఇక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ఏమేం చూడాలి?

అందరూ హాలు ఎంతుందో, కప్‌బోర్డులున్నాయో లేదో చూసి వచ్చేస్తారు. అవి ఎలాగూ కనపడతాయి. మీరు బాత్రూమ్‌లోకి వెళ్ళి షవర్ తిప్పండి, ఫ్లష్ నొక్కండి, నీళ్ళు ఎంత సన్నగా వస్తున్నాయో చూడండి. వంటింట్లో సింకు కింద తలుపు తీసి వాసన చూడండి. పై అంతస్తు బాత్రూమ్‌కి కింద మన బెడ్‌రూమ్ ఉంటే స్లాబ్ మీద చెమ్మ మరకలున్నాయేమో చూడండి, కొత్తగా అక్కడొక్కచోటే సున్నం వేసి ఉంటే అనుమానించండి. ఫోన్‌కి సిగ్నల్ ప్రతి గదిలో చూసుకోండి, ఇంటి నుంచి పని చేసేవాళ్ళయితే ఏ ఇంటర్నెట్ కంపెనీ తీగ ఆ బిల్డింగ్‌లోకి వచ్చిందో అడగండి, కొన్నిచోట్ల ఒక్కరికే అనుమతి ఉంటుంది.

పైన ఇంకో ఫ్లోర్ లేని ఇల్లు, అంటే డాబా కింద ఇల్లు, ఏప్రిల్‌లో పొయ్యి మీద పెనంలా ఉంటుంది. చలికాలంలో చూసి తీసుకున్నవాళ్ళు ఎండాకాలం వచ్చాక ఏసీ బిల్లు చూసి లబోదిబోమంటారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి ఆ గదిలో పది నిమిషాలు నిలబడండి చాలు.

ఒకసారి పగలు, ఒకసారి రాత్రి చూడమని చెప్తాను. పగలు ప్రశాంతంగా ఉన్న వీధిలో రాత్రి ఫంక్షన్ హాల్ బ్యాండు మోగుతుండొచ్చు. పెళ్ళిళ్ళ సీజన్ కాకపోతే అదీ తెలీదు, కాబట్టి పక్కింటివాళ్ళని అడగడమే దారి.

నీళ్ళ గురించి ఇంతగా ఎందుకు భయపెడతారు?

భయపెట్టాల్సిందే. హైదరాబాద్‌లో ఇల్లు బాగోలేకపోయినా సర్దుకుంటారు గానీ నీళ్ళు లేకపోతే మూడో రోజుకే ఇంట్లో అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు.

అడగాల్సినవి చెప్తా. మున్సిపల్ కనెక్షన్ ఉందా, బోరు ఒక్కటేనా? నీళ్ళు ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వదులుతారు? సంప్ ఎంతది? ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తే ఆ డబ్బు ఎవరిది, మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా, విడిగా పంచుతారా? గండిపేట చెరువు 1920లో కట్టారు, అప్పటి ఊరికి అది సరిపోయింది. ఇప్పుడు నగరానికి అదీ, మంజీరా నది నీళ్ళూ కలిపినా చాలవు, 2004 నుంచి కృష్ణా నీళ్ళని నాగార్జునసాగర్ వైపు నుంచీ, 2015 నుంచి గోదావరి నీళ్ళని ఎల్లంపల్లి నుంచీ పైపుల్లో తెస్తున్నారు. వంద కిలోమీటర్లు దాటి పంపులతో ఎక్కించుకుని తెచ్చే నీళ్ళు, ఎక్కడో పైపు పగిలిందన్నా, పంపుహౌస్‌లో కరెంటు పోయిందన్నా మన కుళాయి ఆగుతుంది. అందుకే చాలా ఏరియాల్లో రోజు విడిచి రోజు వదులుతారు, సంప్ చిన్నదైతే కష్టం.

జలమండలి (నగరానికి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ) మీటరున్న ఇళ్ళకి నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021లో మొదలైంది. దానికి ఓనర్ తన కనెక్షన్‌కి నమోదు చేయించుకుని ఉండాలి. చేయించారో లేదో క్యాన్ నంబర్ (నీళ్ళ బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబర్) అడిగి తెలుసుకోవచ్చు. బిల్లు రాని నీళ్ళకి మన దగ్గర నెలకి ఐదొందలు వసూలు చేసేవాళ్ళు లేకపోలేదు.

బోరు నీళ్ళే వాడాలంటే ఒకసారి బకెట్ అంచు చూడండి, తెల్లటి చారలు మందంగా ఉంటే ఉప్పు నీళ్ళు. గీజర్ తొందరగా పాడవుతుంది, జుట్టు ఊడుతుందని ఇంట్లోవాళ్ళ గోల వేరే.

కరెంటు బిల్లు ఓనర్ సబ్‌మీటర్ చూసి యూనిట్‌కి 10 రూపాయలు అడుగుతున్నారు. కరెక్టేనా?

ఇక్కడ రెండు సంగతులున్నాయి. మీ పోర్షన్‌కి విడిగా డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) మీటర్ ఉంటే మీ బిల్లు మీరే కట్టుకుంటారు, ఏ పేచీ లేదు. ఇల్లు కుదుర్చుకునే ముందు ఆ మీటర్ సర్వీస్ నంబర్ తీసుకుని పాత బకాయి ఉందేమో ఫోన్‌లోనే చూసుకోండి, ముందున్నవాళ్ళు కట్టకుండా పోయిన బిల్లు మీ నెత్తిన పడుతుంది. చేరిన రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి.

సబ్‌మీటర్ అయితే సమస్య. మీటరు ఒక్కటే, దాని మీద మూడు పోర్షన్లు. కరెంటు రేటు శ్లాబుల్లో పెరుగుతుంది కదా, తెలంగాణలో 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. మూడు ఇళ్ళ వాడకం కలిపి ఒకే మీటర్‌లో పడితే పై శ్లాబులోకి పోతుంది, మీరొక్కరే 90 యూనిట్లు కాల్చినా ఎక్కువ రేటే పడుతుంది. ఓనర్ మోసం చేస్తున్నారని కాదు, బిల్లే అలా వస్తుంది. కానీ అసలు బిల్లు చూపించమని అడగడం మన హక్కు. మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కి ఎంత పడిందో వస్తుంది, అంతే ఇస్తామని చెప్పండి. చూపించనంటే పదిలో కొంత ఆయన మిగుల్చుకుంటున్నారనుకోవచ్చు.

ఇంకో నష్టం ఉంది. ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకి 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు లేకుండా చేసే గృహజ్యోతి పథకం 2024 మార్చి నుంచి నడుస్తోంది, అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. కానీ మీ కార్డుని జత చేయడానికి విడి సర్వీస్ నంబర్ కావాలి. సబ్‌మీటర్ ఇంట్లో ఉంటే అది పోయినట్టే.

వాడకం తెలియక టెన్షన్ పడేవాళ్ళకి చిన్న లెక్క: 2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్.

బ్యాచిలర్లకి ఇల్లు ఇచ్చేది లేదంటున్నారు. ఏం చేయాలి?

బోర్డు మీదే "ఫ్యామిలీకి మాత్రమే" అని రాసుంటే అక్కడ టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్, కొండాపూర్ వైపు బ్యాచిలర్లకి ఇచ్చే ఇళ్ళు చాలానే ఉన్నాయి, కాకపోతే అదే ఇంటికి ఫ్యామిలీ నుంచి తీసుకునేదానికన్నా ఎక్కువ తీసుకుంటారు, తలకింత అని లెక్కేస్తారు. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు ముందు నెలా రెండు నెలలు హాస్టల్‌లో ఉండి, ఊరు తెలిసాక ఇల్లు వెతుక్కోవడం నయం.

ఓనర్లకి ఉండే అసలు భయం రాత్రి గోల, వచ్చిపోయేవాళ్ళు, అద్దె ఎగ్గొట్టి మాయమవడం. ఇద్దరుగా వెళ్ళి, ఆఫీసు ఐడీ చూపించి, "అంకుల్, మేం ఇద్దరమే ఉంటాం, కావాలంటే మా నాన్నగారితో మాట్లాడండి" అని ఫోన్ కలిపితే సగం మంది ఒప్పుకుంటారు. నాన్నగారితో మాట్లాడించడం ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి చిన్నతనంగానే ఉంటుంది. ఇల్లు మాత్రం దొరుకుతుంది. అమ్మాయిలకి ఇల్లు ఇవ్వడానికి తొందరగానే ఒప్పుకుంటారు, తర్వాత ఎన్నింటికి వచ్చారు, దింపింది ఎవరు అని లెక్కలు రాసుకుంటారు. ఇలాంటి ఆరాలు ఇల్లు చూసిన రోజే మొదలైతే ఆ ఇల్లు వదిలేయండి.

"మీరేమిట్లు?" అని అడుగుతున్నారు...

అడుగుతారు. సూటిగా కాదు, ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, "నాన్‌వెజ్ తింటారా అమ్మా" అంటారు, ఏ దేవుణ్ణి పూజిస్తారంటారు. ముస్లింలనీ, దళితులనీ తెలిసాక ఉన్నట్టుండి "మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, ఇల్లు ఇవ్వడం లేదు" అనే మాట ఎంతమంది విన్నారో లెక్కలేదు. ఇది తప్పు, సంప్రదాయం పేరు చెప్పినా తప్పే. దీనికి నా దగ్గర చిట్కా లేదు. పేరు మార్చి చెప్పమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, నేనివ్వను, రోజూ దొంగలా బతకాల్సిన ఇంట్లో ఎన్నాళ్ళుంటారు? ఓనర్ అక్కడ ఉండని అపార్ట్‌మెంట్ ఫ్లాట్లలో ఈ ఆరా కొంచెం తక్కువ, అంతవరకే చెప్పగలను.

తిండి విషయం వేరు, ముందే నిజం చెప్పేయండి. "వెజ్ ఓన్లీ" ఇంట్లో చేరి ఆదివారం కిటికీలు మూసి కోడికూర వండుకోవడం ఎంతకాలం కుదురుతుంది, ఆ పోపు వాసన ఏ కిటికీకి ఆగుతుంది?

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె. గేటెడ్ కమ్యూనిటీల్లో మూడు అడుగుతారు. బెంగళూరులో పది నెలలు ఇచ్చిన చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళకి మనది చాలా చవకనిపిస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్ళకి రెండు నెలలు మించొద్దనే అంది, అయితే అది నమూనా మాత్రమే, అమల్లోకి రావాలంటే రాష్ట్రం తన చట్టంగా చేసుకోవాలి.

టోకెన్ వేరు, ఇల్లు నచ్చగానే వేరేవాళ్ళకి ఇవ్వకుండా ఆపడానికి ఇచ్చేది. రెండు వేలో ఐదు వేలో చాలు. చేతికి ఇవ్వకండి, యూపీఐలో వేసి "ఫలానా ఫ్లాట్ టోకెన్, అడ్వాన్స్‌లో మినహాయించాలి" అని మెసేజ్ పెట్టండి. మనసు మారితే వెనక్కి ఇస్తారా అని ఇచ్చే ముందే అడగండి. చాలామంది ఇవ్వరు.

అగ్రిమెంట్ ఎప్పుడూ 11 నెలలకే ఎందుకు రాస్తారు?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఆఫీసు చుట్టూ తిరగడం, ఇవన్నీ ఎవరికిష్టం? అందుకే 11 నెలలు రాసుకుని ప్రతి ఏడాదీ కొత్తది రాసుకుంటారు, 100 రూపాయల స్టాంపు పేపరు మీద, మీసేవ పక్కన జిరాక్స్ షాపులో ఎప్పటినుంచో ఉన్న అదే నమూనా. అందులో పేర్లు మార్చడం మర్చిపోయి పాత కిరాయిదారు పేరే ఉండిపోయిన కాగితాలు కూడా చూశాను, కాబట్టి సంతకం పెట్టే ముందు చదవండి.

ఆ నమూనాలో ఉండనివి కొన్ని చేత్తోనైనా రాయించుకోండి. ఏడాదికి అద్దె ఎంత పెరుగుతుంది (5 శాతం నుంచి 10 శాతం మామూలే), ఎవరు ఖాళీ చేయాలన్నా ఎన్ని నెలల నోటీసు, ఖాళీ చేశాక అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, పెయింటింగ్ పేరుతో పట్టుకునేది ఎంత, ఫ్యాన్లు, లైట్లు, గీజర్, కర్టెన్ రాడ్లు ఎన్ని ఉన్నాయి. "అవన్నీ ఎందుకు బాబూ, మనం మనం మాట్లాడుకుందాం" అనే ఓనర్ మంచివారే కావొచ్చు. ఏడాది తర్వాత మాట్లాడేది ఆయన కాకుండా ఆయన కోడలైతే?

ఓనర్ పాన్ నంబర్ ఇవ్వనంటున్నారు. హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు ఎలా?

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఈ గొడవ, కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు. ఏడాది అద్దె లక్ష దాటితే, అంటే నెలకి 8,333 రూపాయలు దాటితే, ఓనర్ పాన్ ఆఫీసుకి ఇవ్వాలి. ఈ రోజుల్లో దాదాపు అన్ని ఇళ్ళూ దాటుతాయి. అద్దె ఆదాయం చూపించని ఓనర్లు పాన్ అనగానే మొహం మాడ్చుకుంటారు. ఇదీ చేరకముందు అడగాల్సిందే, మార్చిలో అడిగితే "ముందే చెప్పాల్సింది, అద్దె పెంచేవాణ్ణి" అంటారు.

నెల అద్దె 50 వేలు దాటితే మాత్రం టీడీఎస్, అంటే ఓనర్‌కి ఇచ్చే అద్దెలోంచి ముందే కోసే పన్ను, కట్ చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత మీదే. 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతం, అంతకుముందు 5 ఉండేది. ఓనర్ విదేశాల్లో ఉండే ఎన్నారై అయితే నియమాలు వేరే, 50 వేల పరిమితి కూడా ఉండదు, ఒక ఆడిటర్‌ని కలవండి.

ఓనర్ కింద ఇంట్లోనే ఉంటారు. మంచిదా కాదా?

మోటర్ కాలిపోతే సాయంత్రానికి బాగవుతుంది, ఊరెళ్తే ఇంటికి కాపలా ఉన్నట్టే, పండక్కి పులిహోర వస్తుంది. మరోపక్క పదింటికి గేటుకి తాళం పడుతుంది, చుట్టాలు నాలుగు రోజులుంటే "ఇంకా ఉన్నారా, నీళ్ళు ఎక్కువవుతున్నాయమ్మా" అని వినాల్సి వస్తుంది, మీ అమ్మగారి కన్నా ఎక్కువగా ఆంటీ మీ వంటింటి గురించి పట్టించుకుంటారు. రాత్రి షిఫ్టు ఉద్యోగాలవాళ్ళు గేటు తాళం ఇంకోటి ఇస్తారా అని మొదటి రోజే అడగాలి. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఓనర్ కిందుంటేనే మేలని నాకనిపిస్తుంది, మిగిలినవాళ్ళకి వేరేచోట ఉన్న ఓనరే నయం.

రిపేర్లు ఎవరు చేయించాలి?

బల్బు, ట్యూబ్‌లైట్, కుళాయి వాషర్ లాంటివి మనవి. స్లాబ్ కారడం, పైపు గోడలో పగలడం, వైరింగ్, మోటర్ ఓనర్‌వి. మధ్యలో ఉండే గీజర్, చిమ్నీ, ఆర్వో ఫిల్టర్ దగ్గరే గొడవంతా. అవి ఓనర్ పెట్టించినవైతే చేరిన రోజు పని చేస్తున్నట్టు వీడియో తీసి పంపండి, సర్వీస్ ఎవరిదో తేల్చుకోండి. మనమే డబ్బు పెట్టి చేయించి తర్వాత అద్దెలో పట్టుకుందాం అనుకుంటే, చేయించే ముందు "ఇంతవుతుందట, చేయించమంటారా" అని మెసేజ్ పెట్టి ఆయన సరే అన్నాకే చేయించండి.

వాస్తు చూసుకోవాలా, పాలు పొంగించాలా?

మీ ఇష్టం. పాలు పొంగించాలంటే గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఇండక్షన్ స్టవ్ మీద కూడా పొంగుతాయి, తుడుచుకోవడమే కాస్త పని.

గ్యాస్ సంగతి?

ఊరు మారితే పాత ఏజెన్సీలో సిలిండర్, రెగ్యులేటర్ ఇచ్చేసి కాగితం, డిపాజిట్ తీసుకుని ఇక్కడ కొత్త ఏజెన్సీలో ఇవ్వాలి. ఊళ్ళోనే ఏరియా మారితే ఆన్‌లైన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ని మార్చుకోవచ్చు. ఒంటరిగా ఉండేవాళ్ళకి 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, ఇస్తారు. సందుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి గ్యాస్ ఎక్కించి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం కొనొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

మధ్యలో ఉన్నపళంగా ఖాళీ చేయమంటే?

అగ్రిమెంట్‌లో రాసిన నోటీసు ఇవ్వాల్సిందే. ఏమీ రాసుకోకుండా నెల నెలా అద్దెకి ఉంటే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఉండాలి. నోటీసు గడువు అయిపోయినా మీరు కదలకపోతే ఓనర్ కోర్టుకి వెళ్ళాలి తప్ప, నీళ్ళు ఆపేయడం, కరెంటు తీసేయడం, సామాను బయట పెట్టడం కుదరదు. అలా చేస్తే 100కో 112కో ఫోన్ చేయొచ్చు. ఇదంతా చట్టం చెప్పేది. ఓనర్‌తో చెడిన ఇంట్లో హక్కు కోసం నెలల తరబడి ఉండటం అందరి వల్లా కాదు, కాబట్టి ఇంకో నెల గడువు, మారే ఖర్చులో కొంత అడిగి బయటపడటమే చాలామందికి తేలిక.

ఖాళీ చేశాం, అడ్వాన్స్ ఇవ్వడం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే. ఇక్కడి ఆనవాయితీ ఏంటంటే పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు, మీరు ఆరు నెలలున్నా ఆరేళ్ళున్నా అంతే. ఇది న్యాయం కాదని నా ఉద్దేశం, వాడకం వల్ల గోడలు మాయడం సహజం, దానికే కదా నెల నెలా అద్దె కట్టింది. కానీ అగ్రిమెంట్‌లో ఒప్పుకుని సంతకం పెట్టాక వాదించడానికి ఏం లేదు. కాబట్టి ముందే "రెండేళ్ళు దాటితే పెయింటింగ్ మీది, ఏడాదిలోపు వెళ్తే సగం మాది" అన్నట్టుగా ఏదో ఒకటి రాయించుకోండి.

చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనేవాళ్ళు చాలామంది. ఓనర్ డబ్బు తిరిగి ఇచ్చే రకం కాదని ముందున్నవాళ్ళు చెప్పి ఉంటే నేను తప్పుపట్టను, కానీ ఓనర్‌తో ముందు మాట్లాడకుండా చేస్తే మిగిలిన రోజులు నరకమే. ముందున్నవాళ్ళ నంబర్ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఇల్లు తీసుకునే ముందే వాళ్ళకొక ఫోన్ చేసి "మీ అడ్వాన్స్ ఎన్నాళ్ళకి ఇచ్చారండీ" అని అడగండి. ఇంత చిన్న పని పదిమందిలో ఒక్కరు కూడా చేయరు, ఓనర్ ఎలాంటివారో చెప్పడానికి అంతకన్నా నమ్మకమైన మనిషి దొరకరు.

ఇల్లు అప్పగించే రోజు ఓనర్‌ని తీసుకుని గది గది తిరిగి వీడియో తీయండి, చేరిన రోజు తీసిన వీడియో పక్కన పెట్టుకోండి. తాళాలు ఇస్తూనే లెక్క తేల్చమనండి. "కొత్తవాళ్ళు చేరాక వాళ్ళ అడ్వాన్స్ రాగానే ఇస్తా" అంటే తారీఖు వేయించి మెసేజ్ తీసుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే లాయర్ చేత ఒక నోటీసు పంపిస్తే చాలావరకు కదులుతుంది, కోర్టుదాకా వెళ్ళాల్సిన మొత్తం సాధారణంగా ఉండదు.

ఇల్లు మారాక ఏ కాగితాలు మార్చుకోవాలి?

బ్యాంకు, ఆధార్, గ్యాస్, స్కూలు అందరికీ గుర్తుంటాయి. ఓటు మర్చిపోతారు. నియోజకవర్గం మారినా, అదే నియోజకవర్గంలో వీధి మారినా ఫారం 8 నింపితే సరిపోతుంది, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక హడావుడి పడితే ఆ ఎన్నికకి అందకపోవచ్చు.